డీపీలో రాగి పోయి పదిహేడు రోజులైంది, గోదావరి ఒడ్డున పసుపు ఎండుతోంది: ఏం చేయాలి?

ప్రశ్న అడిగినవారు: గోదావరి ఒడ్డు రైతు (నాందేడ్ జిల్లా)

మిత్రులందరికీ నమస్కారం. మాది నాందేడ్ జిల్లాలో తెలంగాణ సరిహద్దుకు ఆనుకొని ఉన్న చిన్న ఊరు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, కచేరీలో మరాఠీ మాట్లాడతాం. పసుపు అమ్ముకోవడానికి నిజామాబాద్ పోతాం, కాగితాల పని పడితే నాందేడ్ పోతాం. గోదావరి మీది బాబ్లీ బ్యారేజీ వెనుక నిలిచే నీరే మా యాసంగికి ఆధారం. సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న ఇచ్చిన తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఆ బ్యారేజీ పద్నాలుగు గేట్లూ ఎత్తి ఉంచుతారు, ఆ తరువాత దించుతారు, మార్చి 1న మళ్లీ 0.6 టీఎంసీల నీటిని కిందికి వదులుతారు. అంటే గేట్లు దించిన నాటి నుంచి మార్చి దాకా ఉండే నాలుగు నెలలే మాకు నిండైన నీళ్ల కాలం. ఈ ఏడాది ఆ నాలుగు నెలల్లో పదిహేడు రోజులు ఊరికే పోయాయి, ఎందుకంటే మా డీపీని దొంగలు ఊడదీసుకుపోయారు. (మా వైపు ట్రాన్స్‌ఫార్మర్‌ను అందరూ డీపీ అనే అంటారు.)

ఆ వారం మా ఫీడరుకు (పొలాలకు కరెంటు తెచ్చే లైనుకు) పగటి వంతు ఉంది కాబట్టి రాత్రంతా ఆ తీగల్లో కరెంటు లేదు. పొద్దున మోటారు వేయడానికి పోయిన మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి డీపీ గద్దె మీద నుంచి దొర్లి శనగ చేనులో బోర్లా పడి ఉంది. మూత బోల్టులు విప్పిన తీరు చూస్తే పని తెలిసిన చేతులే విప్పాయని అర్థమవుతుంది. పాత డీపీ కనుక లోపల రాగి ఉండేది. ఆ చుట్టలు మూడూ పోయాయి, ఇనుప రేకులు మాత్రం చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. నూనె నల్లరేగడి పగుళ్లలోకి ఇంకిపోగా, నాలుగు సాళ్ల శనగ మొక్కలు జిడ్డుతో నల్లబడి నేలకు అతుక్కుపోయాయి. నాకు ఇప్పటికీ కళ్ల ముందు మెదిలేది డీపీకి తీగలు బిగించే చోట ఉండే పింగాణీ బుషింగులు. వాటిని పగలగొట్టకుండా ఒక్కొక్కటే తీసి గట్టు మీద వరుసగా నిలబెట్టి పోయారు. వాళ్లకు ఏమాత్రం తొందర లేదు. పొద్దున ఎనిమిది దాకా ఆ తీగల్లోకి కరెంటు రాదని మాకు ఎంత బాగా తెలుసో వాళ్లకూ అంత బాగా తెలుసు.

పోలీస్ పాటిల్ (ఊళ్లో పోలీసుల తరఫున ఉండే మనిషి) వచ్చాడు, పంచనామా రాశారు. ఠాణాలో మాత్రం డీపీ మీది కాదు కదా, దాని సొంతదారులే వచ్చి ఫిర్యాదు ఇవ్వాలని తిప్పి పంపించారు. కరెంటు కార్యాలయంలో అడిగితే కొత్త డీపీకి వరుస ఉందన్నారు. మేం గట్టిగా మాట్లాడినప్పుడు అక్కడి ఒకాయన, బిల్లే కట్టని కరెంటుకు ఇంత అధికారమా అన్నాడు. పద్నాలుగు కుటుంబాల వాళ్లం అక్కడే నిలబడి ఉన్నాం, ఒక్కరికీ జవాబు తోచలేదు. ఇప్పుడు డీపీని తెచ్చుకోవడానికి ట్రాక్టరు కిరాయి, నూనె ఖర్చు, ఎత్తే కూలీల ఖర్చు మేమే చందాలు వేసుకోవాలని అంటున్నారు.

నాకు ఐదెకరాల పసుపు ఉంది. దుంప ఊరే సమయం ఇది. మధ్యాహ్నానికల్లా ఆకు గొట్టంలా చుట్టుకుపోతోంది. డీజిల్ ఇంజను కిరాయికి తెచ్చి ఒక తడి ఇచ్చాను; రెండో తడికి చేతిలో డబ్బు లేదు. మా బావమరిది పొలం బాసర దగ్గర, మాకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అక్కడ 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు ఉచితంగా ఇస్తున్నారు. నేల ఒకటే, నది ఒకటే, పంట ఒకటే. అతను పగలు తడి పెట్టుకొని రాత్రి ఇంట్లో నిద్రపోతాడు.

అందుకే పెద్దలను అడుగుతున్నాను. డీపీ ఖర్చు నిజంగా ఎవరు భరించాలి? కొత్త డీపీ వచ్చినా అది మళ్లీ పోకుండా మేం ఏం చేయగలం? ఇది మా ఊరి కథ మాత్రమే కాదు. చుట్టుపక్కల మూడు ఊళ్లలో గత ఏడాది నుంచి మోటార్ల కేబుళ్లు, స్టార్టర్ డబ్బాలు, చివరికి స్తంభాలు ఒరగకుండా పట్టి ఉంచే స్టే తీగలు కూడా పోతున్నాయి.

---

జవాబు: విశ్రాంత వాయర్‌మన్, బిలోలి తాలూకా

తమ్ముడూ, నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ఈ సరిహద్దు పల్లెల్లోనే స్తంభాలు ఎక్కిన మనిషిని. నువ్వు రాసిన బుషింగుల మాట దగ్గరే నేను కాసేపు ఆగిపోయాను, ఎందుకంటే అసలు సంగతంతా అందులోనే ఉంది. పదకొండు వేల వోల్టుల తీగలో కరెంటు ఉన్నంతసేపు ఏ దొంగా డీపీ మీద చేయి వేయడు, వేస్తే బతకడు. ఆ తీగలో ప్రాణం లేని గంటలే వాడి పని గంటలు. కరెంటు కోతను, దొంగతనాన్ని, పాతబడిన లైన్లను మనం మూడు వేరు వేరు కష్టాలుగా చెప్పుకుంటాం. నా అనుభవంలో అవి ఒకదాన్నొకటి పట్టుకొని వచ్చేవే. స్తంభం ఒరుగుతుంది, తీగ తెగుతుంది, ఫీడరు రెండు మూడు రోజులు చచ్చి పడి ఉంటుంది, ఆ రెండు రాత్రుల్లో తీగ చుట్టలు చుట్టుకొని పోతారు. ఒక డీపీ కాలిపోయి నెల రోజులు గద్దె మీదే ఉండిపోతే, దాని లోపల రాగి మిగిలి ఉండటం నేను చాలా అరుదుగా చూశాను. కాబట్టి మొట్టమొదటి పని ఇది: డీపీ కాలిన రోజే, బాగుచేసేదాకా దాన్ని దించి ఊళ్లో గ్రామపంచాయతీ ముందు పెట్టించండి, లేదా కార్యాలయానికి చేర్చి రసీదు తీసుకోండి.

ఇక డీపీలు ఎందుకు ఇంత తొందరగా కాలుతున్నాయో కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో మన చేతి పని కొంత ఉంది. 5 హెచ్‌పీ మోటారు ఒకటి, దాని నష్టాలన్నీ కలుపుకుంటే, దాదాపు ఐదున్నర నుంచి ఆరు కేవీఏ (డీపీ మోయగల భారాన్ని కొలిచే లెక్క) దాకా లాగుతుంది. ఆ లెక్కన 63 కేవీఏ డీపీ మీద పది, పదకొండు మోటార్లు, 100 కేవీఏ డీపీ మీద పదహారు, పదిహేడు మోటార్లు నడవాలి. మన పొలాల్లో ఎన్ని నడుస్తున్నాయో ఎవరి గుండె మీద వాళ్లు చేయి వేసుకొని చెప్పాలి. దానికి తోడు ప్రతి మోటారుకూ ఆటో స్టార్టర్ ఉంటుంది. కరెంటు వచ్చిన క్షణాన మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు ప్రతి మోటారూ నడిచేటప్పటికంటే ఐదారు రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. వోల్టేజీ పడిపోతుంది, మోటార్లు మూలుగుతాయి, ఫ్యూజు పోతుంది. ఫ్యూజు పోయిన ప్రతిసారీ వాయర్‌మన్ కోసం ఎదురుచూడలేక ఎవరో ఒకరు ఫ్యూజు తీగ స్థానంలో లావు తీగ చుడతారు. ఆ తరువాత తెగాల్సిన ఫ్యూజు తెగదు, లోపలి చుట్టే కాలుతుంది. సరిహద్దు అవతల 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయండని అక్కడి ప్రభుత్వమే రైతులను అడగవలసి వచ్చింది.

ఆటో స్టార్టర్ తీయలేం, రాత్రిపూట లేవలేం అనేవాళ్లు కనీసం దానికి టైమర్ పెట్టించుకోండి. కరెంటు వచ్చాక ఒక మోటారు పది సెకన్లకు, ఇంకొకటి ఇరవై సెకన్లకు, మరొకటి అర నిమిషానికి లేచేలా పెట్టుకుంటే డీపీ మీద దెబ్బ చాలా తగ్గుతుంది. ప్రతి మోటారు దగ్గరా కెపాసిటర్ ఉండాలి. ఎర్తింగ్ గుంతలో వేసవిలో బిందెడు నీళ్లు పోయాలి. డీపీ పక్కన వేలాడే గాజు డబ్బాలో గుళికలు నీలంగా ఉండాలి. గులాబీ రంగుకు తిరిగితే లోపలికి తేమ పోతోందని అర్థం. ఇవి రైతులు రోజూ దారిలో పోతూ చూడగలిగిన సంగతులు.

స్తంభాల విషయం వేరు, అది రైతు చేతిలో లేదు. మనది నల్లరేగడి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం చేయి దూరేంత పగుళ్లు ఇస్తుంది. అడుగున కాంక్రీటు లేకుండా పాతిన స్తంభం ఆ నేలలో నాలుగైదేళ్లకే ఒరుగుతుంది, స్టే తీగ పోతే ఇంకా ముందే ఒరుగుతుంది. స్తంభం ఒరిగితే తీగలు వేలాడతాయి, గాలికి ఒకదానికొకటి తగులుతాయి, కింద చెరుకు ఉంటే నిప్పు పడుతుంది. కొత్త డీపీ ఇప్పించుకునే రోజే ఒరిగిన స్తంభాల పట్టీ కూడా, ఫోటోలతో సహా, రాసి ఇవ్వండి. డీపీ ఒక్కటే అడిగితే డీపీ ఒక్కటే వస్తుంది, అదే తీగ మళ్లీ తెగుతుంది.

---

జవాబు: మంజీర తీరం ఆడబిడ్డ

అన్నా, మీ బాధ చదివాను. మా ఊరు కుండల్‌వాడి వైపు, మంజీర దాటితే బోధన్. నా భర్త పని కోసం హైదరాబాదులో ఉంటారు; మూడెకరాల సేద్యం, ఇద్దరు పిల్లలు, అత్తగారు నా మీదే ఉన్నారు. ఇక్కడ అందరూ డీపీ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి, రాత్రి వంతు గురించి నేను నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

రాత్రి వంతు వచ్చిన వారం నాకు సేద్యం లేనట్టే. కరెంటు రాత్రి పదింటికి వచ్చినా, పన్నెండింటికి వచ్చినా, నేను ఒక్కదాన్నే కందిచేను గట్ల మీద బ్యాటరీ పట్టుకొని పోలేను. పోయినా మడవలు తిప్పడానికి నీళ్లలో నిలబడాలి, ఆ చలిలో కాళ్లు మొద్దుబారతాయి, పాము ఉన్నదీ తెలియదు. మా వీధిలోనే ఒకాయన పోయిన ఏడాది మడవ తిప్పుతుండగా కట్లపాము కరిచి పోయాడు. బండి దొరికి ఆసుపత్రికి చేరేసరికి మూడు గంటలైంది. అందుకని నేను రాత్రి కూలీని పెట్టుకుంటాను. పగటి కూలీకి ఒకటిన్నర రెట్లు అడుగుతాడు, అది న్యాయమే. అతను వచ్చిన గంటకు కరెంటు పోతే కూలీ మాత్రం ఇవ్వాల్సిందే. ఉచిత కరెంటు అంటారు గానీ, ఆ ఉచితం నా చేతికి అందేసరికి దానికి ఇంత ఖర్చు అంటుకొని వస్తుంది. రాత్రి పూట పోలేని ఆడవాళ్ల పొలాలకు పగటి కరెంటు ముందుగా ఇవ్వాలని నేను రెండుసార్లు అర్జీ రాశాను. ఫీడరు ఒక్కరి కోసం మారదని చెప్పారు. మాట నిజమే, కానీ మా ఫీడరు మీద నాలాంటి వాళ్లం తొమ్మిది మందిమి ఉన్నాం.

ఇంకొక సంగతి. ఊరి ఫీడరు వేరు, పొలాల ఫీడరు వేరు చేశాక ఇళ్లలో దీపం బాగానే ఉంటోంది, గిర్ని కూడా నడుస్తోంది. కానీ మా ఊరి మంచినీళ్ల బావి పొలాల మధ్య ఉంది, దాని మోటారు పొలాల ఫీడరు మీదే ఉంది. ఇంటి ముందు కొత్త కుళాయి పెట్టారు, గోడ మీద నంబరు రాశారు. పొలాల డీపీ కాలిన రోజు ఆ కుళాయిలోనూ నీళ్లు రావు. అప్పుడు మా పెద్దమ్మాయి బడికి పోయే ముందు చేతిపంపు దగ్గర వరుసలో నిలబడుతుంది. అన్నా, మీ డీపీ మీద ఊరి నీళ్ల మోటారు గనక ఉంటే అర్జీలో ముందు ఆ మాటే రాయండి. పంట ఎండుతోందని రాసిన కాగితం కంటే తాగే నీళ్లు లేవని రాసిన కాగితం తొందరగా కదులుతుందని నేను చూశాను.

---

జవాబు: నాందేడ్ న్యాయవాది (సొంత ఊరు సరిహద్దులో)

ప్రశ్న అడిగిన రైతు సోదరుడికి రెండు చోట్ల తప్పు సమాధానం వచ్చింది. మొదటిది ఠాణాలో. నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, వస్తువు సొంతదారే రావాలనే నియమం లేదు. 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ విద్యుత్ తీగల, సామగ్రి దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు శిక్ష చెబుతుంది. ఆ సొత్తని తెలిసీ కొన్నవాడికి 137వ సెక్షన్ అంతే శిక్ష చెబుతుంది. ఈ నేరాల్లో పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, బెయిలు హక్కుగా దొరకదు. మన సరిహద్దులో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే దొంగ ఈ రాష్ట్రంలో ఉంటాడు, భంగార్ (పాతసామాను) కొనేవాడు ఆ రాష్ట్రంలో ఉంటాడు, ఒక ఠాణా ఇంకొక ఠాణాను చూపిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఫోన్ ద్వారా, మెయిలు ద్వారా పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేస్తే చాలు.

రెండోది ఉచిత కరెంటు మాట. 7.5 హెచ్‌పీ దాకా ఉన్న వ్యవసాయ పంపులకు 2024 ఏప్రిల్ నుంచి ఐదేళ్లపాటు రాష్ట్ర ప్రభుత్వం బిల్లు భరిస్తోంది. అంటే మీ బిల్లు ఎవరూ కట్టకుండా పోవడం లేదు. మీ తరఫున ప్రభుత్వం కడుతోంది. విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ఆ సొమ్మును ప్రభుత్వం ముందుగానే చెల్లించాలని చెబుతుంది. కాబట్టి మీరు పూర్తి హక్కులున్న వినియోగదారులే. పల్లెల్లో చెడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ పెట్టిన గడువు 48 గంటలు. గడువు దాటితే పరిహారం అడగవచ్చు. కార్యాలయం వినకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు పోవాలి. డీపీ కరెంటు సంస్థ సొత్తు, దాన్ని మార్చే ఖర్చు వారిదే. మీటరు దాటిన తరువాత ఉన్న కేబులు, స్టార్టరు, మోటారు మీవి. ట్రాక్టరు కిరాయి మీరే ఇవ్వాల్సి వస్తే తేదీ వేసిన రసీదు తప్పకుండా తీసుకోండి.

ఫిర్యాదు మాత్రం నోటిమాటగా చేయవద్దు. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. సరిహద్దులో మన ఫోను ఒక్కోసారి అవతలి టవరు పట్టుకుంటుంది. ఒకసారి నేను మా ఇంటి డాబా మీద నుంచి 1912 తిప్పితే తెలంగాణ వారు పలికారు. ఊరి నడిబొడ్డుకు వచ్చి చేయండి.

---

జవాబు: ఉమ్రి యువరైతు

ఇన్ని చట్టాలు, ఇన్ని అర్జీలు ఎందుకు? సోలార్ పంపు పెట్టుకోండి. మన రాష్ట్ర ప్రభుత్వం సోలార్ పంపులు ఇచ్చే మాగేల్ త్యాలా (అడిగినవారికి) పథకంలో రైతు వాటా పది శాతం, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఐదు శాతమే. రెండున్నర ఎకరాల దాకా 3 హెచ్‌పీ, ఐదెకరాల దాకా 5 హెచ్‌పీ, ఆపైన 7.5 హెచ్‌పీ పంపు ఇస్తారు. ఐదేళ్ల మరమ్మతు హామీ, బీమా కూడా ఉంటాయి. నేను సొంత బావి మీద పెట్టుకున్నాను. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నా తడి నేను పెట్టుకుంటున్నాను, రాత్రి పొలం మొహం చూడటం లేదు.

---

జవాబు: విశ్రాంత వాయర్‌మన్, బిలోలి తాలూకా

బాబూ, నీ బావి మీద అది బంగారం లాంటి పనే, నేనూ పది మందికి చెప్పాను. కానీ ఆయన నీళ్లు గోదావరి నుంచి ఎత్తుతున్నాడు. ఒడ్డు నుంచి పొలం దాకా పైపు ఎంత పొడవు ఉందో, ఎత్తు ఎంత ఉందో లెక్క వేయకుండా సోలార్ చెప్పకూడదు. పైగా ఒడ్డున పలకలు పెడితే వానాకాలం వరద ఎక్కడిదాకా వస్తుందో చూసుకోవాలి. ఆ పథకం కూడా ప్రధానంగా కరెంటు కనెక్షన్ లేని రైతుల కోసం పెట్టిందే. ఇలాంటి ఊళ్లకు ఫీడరు మొత్తాన్నీ సోలార్ మీద నడిపి పగలే కరెంటు ఇచ్చే పథకం సరిపోతుంది. దానికి సబ్‌స్టేషన్ దగ్గర స్థలం కావాలి. సర్కారు భూమి లేని చోట రైతు భూమికి ఎకరాకు ఏడాదికి దాదాపు 50 వేల రూపాయల కౌలు ఇస్తున్నారు. గ్రామసభలో ఈ మాట తీర్మానం చేయించండి. పగటి కరెంటు వస్తే ఆ ఆడబిడ్డ కష్టమూ తీరుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి, రాత్రంతా చచ్చి ఉండే లైను అప్పుడూ రాత్రి చచ్చే ఉంటుంది, కాబట్టి కాపలా సంగతి విడిగా ఆలోచించాలి.

---

జవాబు: వంశధార రైతు, కాశీనగర్ (గజపతి జిల్లా, ఒడిశా)

అన్నయ్యగారికి నమస్కారం. మేం మీకు చాలా దూరంలో, శ్రీకాకుళం జిల్లాను ఆనుకొని ఉన్న ఒడిశా తెలుగువాళ్లం. కాపలా మాట వచ్చింది కాబట్టి మా ఊళ్లో ఏం చేశామో చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వైపు స్తంభాలు వరిచేలలో వరుసగా పడిపోయాయి. కరెంటు తిరిగి వచ్చేసరికి చాలా రోజులు పట్టింది. నేల మీద పడిన తీగల్లో కరెంటు లేదని తెలిసిన వెంటనే వాటిని చుట్టలు చుట్టి పట్టుకుపోయారు. అంటే లైన్లు నిలబెట్టడానికి మనుషులు వచ్చాక కూడా తీగ లేక ఆగవలసి వచ్చింది. వాయర్‌మన్ గారు చెప్పిన చచ్చిన లైను మాటను మేం ఆ నెలలో కళ్లారా చూశాం.

మా ఎత్తిపోతల పథకాన్ని పాణి పంచాయతీ (నీళ్లు వాడుకునే రైతుల సంఘం) చూసుకుంటుంది. మా రాష్ట్రంలో దానికి 2002లోనే చట్టం వచ్చింది. ఆ సంఘంలో కూర్చొని మూడు నిర్ణయాలు తీసుకున్నాం. కరెంటు లేని రాత్రే కాపలా ఉండాలి, కరెంటు ఉన్న రాత్రి అవసరం లేదు. ఇంటికి ఇద్దరు చొప్పున వంతు వేసుకున్నాం, రాకపోతే డబ్బు కట్టాలి. డీపీ మూత బోల్టులన్నిటికీ వెల్డింగు చుక్క పెట్టించమని కార్యాలయాన్ని అడిగి, వారి మనిషి ముందే పెట్టించాం. ప్రతి మోటారు మీద, స్టార్టరు డబ్బా లోపలి వైపు పొలం నంబరు చెక్కించాం. ఒకసారి పాతసామాన్ల కొట్టులో మా నంబరు ఉన్న మోటారు దొరికింది, కొన్నవాడు కాదనలేకపోయాడు. కొత్త డీపీ అడిగేటప్పుడు లోపల అల్యూమినియం చుట్ట ఉన్నది ఇస్తామంటే వద్దనకండి. దొంగ రాగి కోసమే వస్తాడు.

---

ప్రశ్న అడిగినవారు: గోదావరి ఒడ్డు రైతు (నాందేడ్ జిల్లా), పన్నెండు రోజుల తరువాత

అందరికీ చేతులు జోడించి నమస్కరిస్తున్నాను. న్యాయవాది గారు చెప్పినట్టు సెక్షన్లు రాసి మెయిలు పంపి, మూడో రోజు వెళ్లి సంతకం చేశాను. ఈసారి ఫిర్యాదు తీసుకున్నారు. ఆడబిడ్డ చెప్పిన మాటతో పోయి చూస్తే మా డీపీ మీద బడి నీళ్ల మోటారు కూడా ఉందని తేలింది. అర్జీలో మొదటి వాక్యం అదే రాశాం. మొన్న గురువారం కొత్త డీపీ వచ్చింది, లోపల అల్యూమినియం చుట్టే. ట్రాక్టరు కిరాయి మేమే ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. ఒరిగిన స్తంభాలు పదకొండింటి ఫోటోలు ఇచ్చాం, వాటిలో రెండింటిని నిలబెట్టారు. పసుపుకు నిన్న పూర్తి తడి పెట్టాను. కింది వరుస ఆకులు పోయాయి, దుంప ఎంత నష్టపోయిందో తవ్వకంలోనే తెలుస్తుంది.

డీపీ ఎక్కించే ముందు రోజు సాయంత్రం మేమందరం కూర్చొని మోటార్లు లెక్కపెట్టాం. కాగితం మీద పద్నాలుగు. పొలాల వెంట నడిచి చూస్తే పద్దెనిమిది. నాలుగు ఆకడాలు, అంటే కనెక్షన్ లేకుండా తీగకు కొక్కెం తగిలించినవి. అందులో ఒకటి మా సొంత పెదనాన్నది, మనవరాలి పెళ్లి అప్పు తీరలేదని, కనెక్షన్‌కు డబ్బు కట్టలేకపోయానని ఆయన చెబుతుంటే ఎవరం ఏమీ అనలేకపోయాం. మిగిలిన మూడు, కాగితం ఉన్నవాళ్లే వేసుకున్న రెండో మోటార్లు. నా మోటారు కాగితం మీద 5 హెచ్‌పీ, నది ఒడ్డు మీద ఉన్నది 7.5 హెచ్‌పీ. నాలుగేళ్ల కింద పాతది కాలిపోయినప్పుడు మార్చాను, చెప్పలేదు. ఆ రోజు కార్యాలయంలో నోరు రాకపోవడానికి కారణం ఉచిత కరెంటు మాట ఒక్కటే కాదు, ఈ సంగతి నాకు తెలిసి ఉండటం కూడా.

నా లోడు పెంచమని అర్జీ ఇచ్చాను. పెదనాన్న కనెక్షన్‌కు పద్నాలుగు ఇళ్లవాళ్లం తలా ఇంత వేసుకున్నాం. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకొని తీసేశారు, ఒకరు ఇంకా మాట్లాడటం లేదు. రాత్రి కాపలా వంతు ఈ వారం నాది, మా చిన్నాన్న కొడుకుది. వాయర్‌మన్ అన్నగారూ, టైమర్లు తెచ్చాం. ఒక్కొక్క మోటారుకు పది సెకన్ల తేడాతో వరుస రాసుకున్నాం. నాది అన్నిటికంటే పెద్ద మోటారు కనుక చివర్న పెట్టాను, కరెంటు వచ్చిన దాదాపు మూడు నిమిషాలకు లేస్తుంది. ఆ వరుస సరిగ్గా ఉందో లేదో ఒకసారి వచ్చి చూస్తారా? వచ్చే సోమవారం నుంచి మాకు పగటి వంతే.